సమస్యాపూరణం: నవ్వించినవాఁడె యేడ్చె నవ్విన కతనన్

నిర్వాహకులు (నల్లగొండ):

ఈ వారం సమస్య కార్టూను గీసేవాళ్ల మీద, హాస్యపద్యం చదివేవాళ్ల మీద. కందపద్యం నాలుగో పాదం ఇస్తున్నాను, ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి.

నవ్వించినవాఁడె యేడ్చె నవ్విన కతనన్

గణాలు ఇట్లా పడతాయి: నవ్విం (గగ), చినవాఁ (స), డెయేడ్చె (జ), నవ్విన (భ), కతనన్ (స). ఇక్కడ గ అంటే గురువు, ల అంటే లఘువు; స అంటే లలగ, జ అంటే లగల, భ అంటే గలల, నల అంటే నాలుగు లఘువులు. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) న-న. ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం) ద్విత్వ వకారం, దాని ముందు గురువు. నవ్వు, పువ్వు, మువ్వ, గవ్వ, దవ్వు, బువ్వ, ఎవ్వరు, అవ్వల, కవ్వం, రివ్వున, చివ్వున… ప్రాసకు కరువు లేదు. ఒంటి వకారం మాత్రం పనికిరాదు.

రాసేముందు ఒక సంగతి. మామూలు హాస్యపద్యంలో నవ్వు చివరి మాటలో దాచుకుంటాం. కార్టూనులో కూడా అంతే, పేలే మాట చివరి గడిలోనే ఉండాలి. సమస్యలో ఆ వీలు లేదు. నాలుగో పాదం చదువరికి ముందే తెలుసు. కాబట్టి నవ్వు మూడో పాదం ఆఖరి గణంలో పుట్టాలి, అక్కడి నుంచి నాలుగో పాదంలోకి జారాలి. అష్టావధానంలో గమనించండి, అవధాని ఆవృత్తానికి (చుట్టుకు) ఒక పాదం చెప్పుకుంటూ పోతారు. సభ నవ్వేది మూడో ఆవృత్తంలోనే, నాలుగో పాదం చదవకముందే. దారి కనబడగానే నవ్వు వచ్చేస్తుంది. మొదటి పాదంలోనే గుట్టు విప్పేస్తే మిగతా మూడు పాదాలూ నింపుడు పనే.

"కతనన్" అన్న మాటనూ మరవొద్దు. కతన అంటే కారణం. ఏడుపుకు కారణం నవ్వే కావాలి, ఇంకేదీ కాకూడదు.

వనపర్తి:

దవ్వేగిన చెలికానికిఁ
బువ్వులతో బొమ్మ వేయఁ బొట్టలదరగన్
నవ్విరి చదువరు లలవడి
నవ్వించినవాఁడె యేడ్చె నవ్విన కతనన్

భావం: రోజూ నవ్వు బొమ్మలేసే చిత్రకారుడు చనిపోయిన మిత్రుడికి నివాళిగా బొమ్మ వేశాడు. పాఠకులు అలవాటు చొప్పున దాన్నీ చూసి నవ్వారు.

నిర్వాహకులు:

"అలవడి" ఈ పద్యానికి ప్రాణం. సరిగ్గా మూడో పాదం ఆఖరి గణంలో కూర్చుంది. పేరు చూసి నవ్వేవాళ్లు, బొమ్మ చూసి నవ్వేవాళ్లు వేరు వేరు. మొదటి రకం వాళ్లకు సంతకం కనబడితే చాలు, పెదవులు విచ్చుకుంటాయి. ఆ తేడాను ఒక్క మాటలో పట్టుకున్నారు. గణాలు, యతి (బు-బొ) నిర్దుష్టం.

పేచీ మొదటి పాదంతో. "దవ్వేగిన" అంటే దూరం పోయిన అనే. మీ పాలమూరులో దూరం పోయాడంటే ముందు బొంబాయి వలస గుర్తొస్తుంది, చావు కాదు. భావం కింద రాస్తే తప్ప తెలియని సంగతి పద్యంలో లేనట్టే లెక్క.

గద్వాల:

"అవ్వలి లోకపు సఖునకుఁ" అంటే ఎట్లుంటుంది వనపర్తి గారూ? భ, భ, నల. పక్కన పరుషం (క, చ, ట, త, ప) లేదు కాబట్టి "లోకపు" దగ్గర సంధి చిక్కు కూడా రాదు. "సఖునకుఁ బువ్వులతో" చక్కగా అతుకుతుంది.

వనపర్తి:

తీసుకున్నాను, గద్వాల గారూ. "అవ్వలి లోకపు" అనగానే చావు తెలిసిపోతుంది, పువ్వులకూ అర్థం వస్తుంది. దిద్దుకుంటున్నా.

మిర్యాలగూడ:

కవి యను చోటనుఁ గపి యని
నివ్వెరపడ నచ్చు వేయ నెల్లరు కూడన్
పువ్వులె పూసెను మోముల
నవ్వించినవాఁడె యేడ్చె నవ్విన కతనన్

భావం: పత్రికలో "కవి" అనాల్సిన చోట "కపి" అని అచ్చుపడింది. చదివినవాళ్ల ముఖాలు విచ్చుకున్నాయి, కవి ఏడ్చాడు.

నిర్వాహకులు:

ఊహ అద్భుతం. వి, పి మధ్య ఉన్నది సన్నటి సందు. ఆ సందులోంచి ఇంత పద్యం తీశారు. కానీ దోషాలు మూడున్నాయి, ఒక్కొక్కటే చూద్దాం.

ప్రాస మొదటిది. "కవి"లో ఒంటి వకారం, ముందు లఘువు. మిగతా మూడు పాదాల్లో ద్విత్వం, ముందు గురువు. కందంలో మొదటి అక్షరం గురువైతే నాలుగు పాదాల్లోనూ గురువే కావాలి. ఇక్కడ రెండు రకాలా తప్పింది. "కూడన్" అనేది గణం నింపడానికి వచ్చిన మాట, తీసేస్తే అర్థానికి లోటేమీ లేదు. అంటే వ్యర్థపదం.

అసలు చిక్కు అన్వయంలో ఉంది. ఇక్కడ నవ్వించినవాడు ఎవరు? కవి కాదు, అచ్చుతప్పు చేసినవాడు. మరి కవి ఏడిస్తే సమస్య తీరినట్టు కాదు. "నవ్వించినవాఁడె" అని ఏకారం కూడా ఉంది, ఎవరు నవ్వించారో వాడే ఏడవాలి.

గద్వాల:

అట్లయితే ఏడుపును కంపోజిటరుకే (అచ్చు అక్షరాలు కూర్చేవాడికే) ఇచ్చేద్దాం.

ఎవ్వఁడొ కవినిం గపి యని
నివ్వెరపడ నచ్చు వేయ నెల్లరుఁ జదువన్
చివ్వున యజమాని కినియ
నవ్వించినవాఁడె యేడ్చె నవ్విన కతనన్

ఊరంతా నవ్వింది కాబట్టే తప్పు యజమాని చెవిన పడింది. ఎవరూ నవ్వకపోయి ఉంటే ఎవరికీ తెలిసేదే కాదు.

మిర్యాలగూడ:

"నవ్విన కతనన్" ఇప్పుడు నిజంగా కారణమైంది. నేను కవి మీదే చూపు పెట్టుకున్నా, అక్కడే దారి తప్పింది. ఇది మీ పద్యమే గద్వాల గారూ, అచ్చుతప్పు మాత్రం నాది.

నిర్వాహకులు:

"కినియ" ఆఖరి గణంలో పడ్డది చూశారా? అక్కడి దాకా చదువరికి ఎవరు ఏడుస్తారో తెలియదు.

దేవరకొండ:

ఎవ్వరి తప్పులఁ జూపెనొ
యవ్వాఁడే కార్టూనుని యబ్బుర మనుచున్
నవ్వుచుఁ గోరెను బొమ్మను
నవ్వించినవాఁడె యేడ్చె నవ్విన కతనన్

భావం: ఎవరిని ఎత్తిపొడుస్తూ గీశాడో ఆ పెద్దమనిషే పకపకా నవ్వి, అసలు బొమ్మ గోడకు పెట్టుకుంటాను ఇయ్యమన్నాడు.

నిర్వాహకులు:

ఇప్పటిదాకా వచ్చినవాటిలో సమస్య గుండెను తాకింది ఇదే. చురక అంటించాలని గీసిన గీతకు చురక తగలాల్సినవాడే ముచ్చటపడితే గీత ఓడినట్టే. కోపం వచ్చినా, ఉలుకు పుట్టినా బొమ్మ పని చేసిందని అర్థం. "చాలా బాగుంది, ఫ్రేము కట్టించుకుంటా" అంటే మాత్రం ముల్లు ఎక్కడో మొద్దుబారింది. పద్యంలో పేరు పెట్టకపోవడం మరీ మంచిది. పేరు లేని నేతలో ప్రతి చదువరీ తన ఊరి నేతను చూసుకుంటాడు.

దోషం ఒక్కటే, అదీ చెవికి దొరకనిది. రెండో పాదం విడగొడదాం: యవ్వాఁ, డేకా, ర్టూనుని, యబ్బుర, మనుచున్. ప్రతి గణానికి 4 మాత్రలు, పాదానికి 20. నడక సాఫీగా సాగింది. కానీ పైనుంచి లెక్కపెడితే "ర్టూనుని" ఆరో గణం, అది భగణం. కందంలో ఆరో గణం జగణమో నలమో తప్ప ఇంకోటి రాకూడదు. మాత్రలు సరిపోయిన చోటే ఈ తప్పు ఎక్కువగా దొర్లుతుంది, ఎందుకంటే పాడితే తెలియదు, విడగొడితేనే తెలుస్తుంది.

"కార్టూను" అన్న మాటే కందానికి మొండి మాట. గురువు, గురువు, లఘువు. దాన్ని ఐదు, ఆరు గణాల్లో పెట్టాలంటే ఐదో గణం మొదట్లోనే మొదలుపెట్టి, మిగిలిన "ను"ను తరవాతి గణానికి ఇయ్యాలి. ఐదో గణంగా "కార్టూ" పెట్టి, ఆరో గణంగా "నుఁ జూచి" అంటే జగణం దొరుకుతుంది. మీ పాదంలో మాత్రం "యవ్వాఁడే" మూడు గురువులు, కాబట్టి ఐదో గణం సగం అదే తినేసింది. ఆ మాట వదులుకోవద్దు, అదే పద్యానికి కీలకం. కార్టూనునే వదలండి.

దేవరకొండ:

"యవ్వాఁడే గీఁతఁ జూచి యబ్బుర మనుచున్." డేగీఁ, తఁజూచి. ఆరోది జగణం. ఇట్లా సరేనా?

నిర్వాహకులు:

సరే కాదు, ముందుకన్నా మేలు. "గీఁత" అనేసరికి తెలుగుదనం వచ్చింది, పైగా మూడో పాదంలో "బొమ్మ" ఉంది కాబట్టి పునరుక్తి కూడా తప్పింది.

అచ్చంపేట:

నాది మొదటి కందం, జర చూడుండ్రి పెద్దలు.

మువ్వలతో నాడు నటుఁడు
రివ్వున జారంగఁ గాలు పైకొనె నవ్వుల్
ఎవ్వరు నొప్పినిఁ గనరిట
నవ్వించినవాఁడె యేడ్చె నవ్విన కతనన్

భావం: గజ్జె కట్టి ఆడే ఆటగాడు కాలు జారి పడ్డడు. అది కూడా ఆటలో భాగమనుకొని జనం నవ్విండ్రు.

గద్వాల:

మొదటిదానికి గణాలన్నీ కుదరడం గొప్ప సంగతి, తమ్ముడూ. చిందు యక్షగానం చూసిన ఊళ్లల్లో ఇది కండ్ల ముందు ఆడుతుంది. రెండో పాదంలో యతి తప్పింది. మొదటి అక్షరం "రి", నాలుగో గణం మొదట "పై". హల్లుకూ పొత్తు లేదు, అచ్చుకూ లేదు. "రేఁగెను నవ్వుల్" అంటే యతి కుదురుతుంది. రి-రే, ఇకారానికి ఏకారానికి మైత్రి ఉంది.

నిర్వాహకులు:

యతి అట్లా దిద్దితే నిలుస్తుంది. నాకు "రివ్వున" మీదే పట్టింపు. రివ్వున పోయేది రాయి, పిట్ట, గాలి. జారే కాలు జర్రున జారుతుంది. ప్రాస కోసం తెచ్చిన మాట కాబట్టి అక్కడ గుచ్చుకుంటున్నది. ఇంకోటి, పెద్దది: ఈ ఆటగాడు నొప్పికి ఏడుస్తున్నాడు, నవ్వుకు కాదు. జనం నవ్వకపోయినా ఏడ్చేవాడే. "కతనన్" ఒంటరిదైపోయింది. నవ్వు వల్ల ఏం నష్టం జరిగిందో మూడో పాదంలో చెప్పాలి.

నాగర్‌కర్నూలు:

ఎవ్వఁడు విదూషకుండన
బువ్వకు శిశు వేమి చేసె భూపతి కేలన్
జవ్వని కృష్ణపయిం బగ
నవ్వించినవాఁడె యేడ్చె నవ్విన కతనన్

క్రమాలంకారంలో పూరించాను. విదూషకుడెవరు? నవ్వించినవాడే. బువ్వ కోసం పసిబిడ్డ ఏం చేసింది? ఏడ్చింది. దుర్యోధనుడికి ద్రౌపది మీద పగ ఎందుకు? మయసభలో నవ్వినందుకు.

నిర్వాహకులు:

నేను పైన చెప్పిన సూత్రానికి ఇది ఎదురు నడిచి గెలిచింది. ఇక్కడ నవ్వు నాలుగో పాదంలోనే ఉంది. తెలిసిన పాదమే మూడు ముక్కలై మూడు జవాబులుగా వరసగా రాలుతుంటే పుట్టే నవ్వు అది. క్రమాలంకారం ఎప్పుడు చెల్లుతుందంటే, పాదంలోని విరుపులు మాటల హద్దుల్లోనే ఉండాలి, ఏ మాటా రెండు జవాబుల మధ్య చీలకూడదు, ఒక్క మాట కూడా మిగిలిపోకూడదు. "నవ్వించినవాఁడె", "ఏడ్చె", "నవ్విన కతనన్". లెక్క సరిపోయింది. "బు-భూ" యతి కూడా బాగుంది.

చిన్న లోపం: "భూపతి" అంటే ఏ రాజైనా కావచ్చు. "కృష్ణ" రాగానే తెలుస్తుంది కాబట్టి దాటిపోతుంది. కానీ కృష్ణ అంటే ద్రౌపది అని తెలియని చదువరి శ్రీకృష్ణుడి దగ్గర ఆగిపోతాడు. "జవ్వని" ముందు పెట్టి ఆ గండం తప్పించారు.

నకిరేకల్:

బువ్వను నములఁగ నూడిన
పువ్వల్లే పంటి సందు బోసిగఁ దోపన్
నవ్వఁగ బాలుఁడు నవ్విరి
నవ్వించినవాఁడె యేడ్చె నవ్విన కతనన్

పాలపన్ను ఊడిన పిల్లవాడు నవ్వాడు, సందు చూసి అందరూ నవ్వారు. వాడు భోరుమన్నాడు.

వనపర్తి:

"నవ్విన కతనన్" ఇద్దరికీ సరిపోయింది. వాళ్లు నవ్వినందుకా, తాను నవ్వినందుకా? రెండూ నిజమే. సమస్యలో కర్త లేకపోవడాన్ని ఇట్లా వాడుకోవడం మంచిగ అనిపించింది.

నిర్వాహకులు:

అవును. విషయం కార్టూను నుంచి పక్కకు పోయినా సమస్య అడ్డుచెప్పదు. "పువ్వల్లే" వాడుకమాట, మిగతా పద్యం కాస్త గ్రాంథికం. పిల్లవాడి పద్యం కాబట్టి నేను దాన్ని ఉంచమనే అంటాను. ఇది చదివి ముందుగా నవ్వేది పిల్లలున్న ఇళ్లవాళ్లు. దేవరకొండ వారి పద్యానికి ముందుగా నవ్వేది పత్రిక చదివేవాళ్లు. ఒకే పాదం కింద ఇద్దరు చదువరులు వేరు వేరు చోట నవ్వుతున్నారంటే పూరణలు ఒకదాన్నొకటి అనుకరించలేదని అర్థం.

అచ్చంపేట:

మళ్లీ రాసిన.

మువ్వలతో నాడెడు తరి
జివ్వున నొప్పెట్టఁ గాలు చిందెను నవ్వుల్
దవ్వయి పోయెను సాయము
నవ్వించినవాఁడె యేడ్చె నవ్విన కతనన్

నవ్వుతుండబట్టి ఎవ్వరూ లేపడానికి రాలే. అందుకే ఏడ్చిండు.

గద్వాల:

"జివ్వున" ఇప్పుడు నొప్పికి పోయి కూర్చుంది, అదే దాని సొంత చోటు. జి-చిం యతి, చ-జ ఒకే వర్గం. "చిందెను"లో చిందు కూడా వినబడుతున్నది.

నిర్వాహకులు:

"నటుఁడు" తీసేయడం కూడా మంచిదైంది. ముందు పాదంలో ఆ మాట క్రియ లేకుండా వేలాడుతుండేది. ఇప్పుడు నాలుగో పాదంలోని "నవ్వించినవాఁడె" ఒక్కటే కర్త. "సాయము" ఆఖరి గణంలో పడింది. గణాలు ఒకసారి మీరే విడగొట్టి ఇక్కడ పెట్టండి, ముఖ్యంగా ఆరోది.

అచ్చంపేట:

జివ్వున, నొప్పె, ట్టఁగాలు, చిందెను, నవ్వుల్. ఆరోది జగణం.