వాటర్‌షెడ్: నేలా, గీతా?

ప్రశ్న: అడవి కొండల గురించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. వాటర్‌షెడ్ అని ఉన్న ప్రతిచోటా ‘పరీవాహక ప్రాంతం’ అని రాసుకుంటూ పోయాను. ‘ఈ వాటర్‌షెడ్‌కి అటు పడిన వాన ఒక నదికి, ఇటు పడింది ఇంకో నదికి’ అన్న వాక్యం దగ్గర బండి ఆగింది. ప్రాంతానికి అటూ ఇటూ ఏమిటి?

జవాబు: మాట ఒకటే, అర్థాలు రెండండీ. బ్రిటిష్ వాడుకలో అది గీత, నీళ్లను రెండు వైపులకీ విడదీసే కొండ వెన్ను. అమెరికా వాడుకలో ఆ గీత లోపల, ఒకే వాగుకో నదికో నీళ్లు చేర్చే నేలంతా. ఈ షెడ్ రేకుల షెడ్డు కాదు, ‘విడదీయడం’ అనే పాత మాట. తలలో పాపిటని కూడా ఒకప్పుడు షెడ్ అనేవాళ్లు! అందుకే గీత అనే అర్థం వచ్చిన చోట, జలవిభాజకం అని పుస్తకాల మాట ఉన్నా, నేనైతే ‘నీటి పాపిట’ అంటాను.

టోపో మ్యాపు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటం, ముందేసుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. సాధారణంగా అడవికి ఆకుపచ్చ, కాంటూరు గీతలకు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) గోధుమరంగు, వాగులకు నీలం. దట్టమైన అడవైతే ఉపగ్రహ ఫొటోలో చెట్ల తలలే కనిపిస్తాయి, కింద నేల మడతలు కాంటూర్లే చెప్పాలి. కాంటూరు వాగును దాటేటప్పుడు ‘వి’లా వంగుతుంది, ఆ మొన ఎప్పుడూ ఎగువకే. కొండకొమ్ము (కిందికి సాగిన కొండ వెన్ను) మీద వంపు దిగువకి. వాగు బయటికి పోయే చోట పెన్సిల్ ఆనించి, కొమ్ము వెంటే పైకెక్కి, శిఖరాల మీదుగా తిరిగి అవతలి కొమ్ము వెంట దిగండి. దారిలో ఎక్కడైనా నీలం గీతను దాటారా, తప్పినట్టే. గీసింది పాపిట, చుట్టింది పరీవాహక ప్రాంతం. ఆయకట్టు అని మాత్రం రాయకండి, అది నీళ్లు పారే పొలం.

మరొకరు: రెండు శిఖరాల మధ్య కనుమ దగ్గర గీత బాగా కిందికి దిగుతుంది కదా, అక్కడా పాపిటేనా?

జవాబు: దిగితే దిగనీండి, నీళ్లు చెరో వైపుకీ పోతున్నాయిగా. అన్నట్టు, కనుమ అంటే కొండల మధ్య దారి. తూర్పు కనుమలు అంటూ మొత్తం కొండల వరసకే దారి పేరు పెట్టేసుకున్నాం, అది వేరే చర్చ.

ప్రశ్న అడిగినవారు: ఆ ఒక్క వాక్యంలో ‘నీటి పాపిట’ అని మార్చాను. మిగతా చోట్ల మళ్లీ చూస్తే ఇంకో రెండు పాపిటలు దొరికాయి.