మెనోర్కా కోవ్‌లకు అద్దె పడవా, కాలినడకా?

తీరరేఖ:
స్పెయిన్ దీవి మెనోర్కాలో, దక్షిణ తీరాన కాలా గల్దానాలో బస చేసి మకరెల్యా, మకరెలెటా, మిజానా కోవ్‌లు (కొండల నడుమ ఇరుకైన చిన్న సముద్రపు మలుపులు) చూడాలనుకునే ప్రతి కుటుంబానికీ వచ్చే సందేహం ఇది. నా ఓటు పడవకే. 5 మీటర్ల పొడవు, 15 హార్స్‌పవర్ దాటని మోటారు పడవకు అక్కడ లైసెన్సు అక్కర్లేదు. పగటిపూట, రేవు నుంచి 2 నాటికల్ మైళ్ల (సుమారు 3.7 కి.మీ.) లోపు తిరగాలి. మకరెల్యా ఆ పరిధిలోనే ఉంది. ఎండలో పిల్లల్ని, పెద్దవాళ్లని నడిపించడం దేనికి?

పైన్‌నీడ:
ఎండ మాట అటుంచండి, దారిలో చాలావరకు పైన్ చెట్ల నీడే. గల్దానా పడమటి వైపు మెట్లెక్కితే కమీ డె కవల్స్ తగులుతుంది, దీవి చుట్టూ 185 కి.మీ. సాగే పాత గుర్రపు దారి. మకరెల్యాకు ముప్పావు గంట. తూర్పున మిజానాకైతే 20 నిమిషాలే. కష్టమల్లా మకరెల్యా నుంచి మకరెలెటాకు వెళ్లే రాతి అంచు. అక్కడ రబ్బరు చెప్పులు జారతాయి, బూట్లు వేసుకోండి. మనిషికి లీటరున్నర నీళ్లు మోసుకెళ్లాలి, మిజానాలో కొనుక్కోవడానికి ఏమీ దొరకదు. వేసవిలో మకరెల్యా దాకా సొంత కారు వదలరు, సియుతదెల్యా పట్నం నుంచి బస్సుంది.

లంగరులెక్క:
తీరరేఖ గారూ, పిల్లల కోసమే పడవ అంటున్నారు కదా, అక్కడే చిక్కు. ఈతగాళ్ల కోసం బోయలు (నీటిపై తేలే హద్దు గుర్తులు) కట్టిన చోట పడవ లోపలికి రాకూడదు. ఒడ్డు కొద్ది దూరంలోనే కనిపిస్తుంటుంది, అక్కడికి మాత్రం ఈదుకుంటూ పోవాలి. ఈత రాని నాయనమ్మ పడవలోనే కూర్చోవాలి. బోయలు లేకపోయినా బీచ్‌కు 200 మీటర్ల లోపల వేగం 3 నాట్లు (గంటకు సుమారు 5.5 కి.మీ.) మించకూడదు.

అంతకన్నా పెద్ద విషయం అడుగున ఉంది. నీళ్లలో నల్లగా కనిపించే మచ్చలు రాళ్లనుకుంటారు. చాలాచోట్ల అవి పొసిడోనియా, అంటే సముద్రంలో పెరిగే పూలమొక్క. మెనోర్కా ఉన్న బాలియారిక్ దీవుల్లో 2018 డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం దాని మీద లంగరు వేయకూడదు.

తీరరేఖ:
తెలుసండీ. తెల్లగా కనిపించే ఇసుక మీదే వేయమని అద్దెకిచ్చేవాళ్లే చెబుతారు. అలా వేస్తే తప్పేముంది?

లంగరులెక్క:
లంగరు ఇసుకలోనే పడుతుంది, దాని గొలుసే పొసిడోనియాలోకి పోతుంది. 5 మీటర్ల లోతులో కనీసం 15, గాలి ఉంటే 25 మీటర్ల గొలుసు వదలాలి. తక్కువ వదిలితే లంగరు పైకి లేచి జారుతుంది. ఒక్కసారిగా కుమ్మరిస్తే గొలుసంతా లంగరు మీదే కుప్పపడి, కొన ఇసుకలో దిగదు. పడవను మెల్లగా వెనక్కి పోనిస్తూ వదలాలి. 20 మీటర్లు వదిలితే గాలి మారినప్పుడల్లా పడవ దాదాపు 20 మీటర్ల అర్ధవ్యాసంతో తిరుగుతుంది. పొద్దున నేల నుంచి వీచిన గాలి మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి మళ్లుతుంది. అప్పుడు గొలుసు అడుగున చీపురులా ఊడుస్తుంది. అంత ఖాళీ ఇసుక ఈ ఇరుకు కోవ్‌లలో ఎంతమందికి దొరుకుతుంది?

లంగరు పైకి లాగాక దాని కొక్కేన్ని చూడండి. వేలెడు వెడల్పున్న ఆకుల రిబ్బన్లు ఒక్కటే ఉంటే కొంత నయం. గోధుమరంగు పీచుతో కప్పిన గట్టి కాండం ముక్క తగులుకుని ఉంటే పాతుకున్న మొక్కే పోయిందన్నమాట. ఆ కాండం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది. అర మీటరు గుంట పూడాలంటే ఏళ్లు పడుతుంది.

పైన్‌నీడ:
శీతకాలంలో ఒడ్డున కుప్పపడే ఎండాకు కూడా దాని నుంచి రాలిందే. చెత్త అని ఏవగించుకుంటారు గానీ, అలలు ఇసుకను కోసుకుపోకుండా అడ్డుపడేది అదే.

తీరరేఖ:
గొలుసు తిరిగే వృత్తం నేను లెక్కలోకి తీసుకోలేదు. అయినా మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నడక దారి కాదు కదా?

లంగరులెక్క:
వాళ్లకు గల్దానా బీచే హాయి. లేదా సిబ్బంది నడిపే విహార పడవ ఎక్కించండి, లంగరు బాధ్యత వాళ్లదవుతుంది. ఎక్కేముందు ఎక్కడ ఆపుతారో, ఒడ్డుకు దింపుతారో లేదో అడగండి.

పైన్‌నీడ:
ఏ దారిన వెళ్లినా ముందు గాలి చూడండి. త్రముంతానా అనే ఉత్తరపు గాలి వీస్తే దక్షిణపు కోవ్‌లు ప్రశాంతంగా ఉంటాయి. దక్షిణపు గాలైతే ఇక్కడ అలలు లేస్తాయి, ఊదారంగు జెల్లీఫిష్‌లూ కొట్టుకొస్తాయి. ఆ రోజు ఉత్తర తీరాన కవలెరియా బీచ్‌కో ప్రెగొండా బీచ్‌కో వెళ్లండి. జెల్లీఫిష్ కుడితే సముద్రపు నీళ్లతోనే కడగాలి. మంచినీళ్లు పోస్తే చర్మానికి అంటుకున్న ముళ్లు మళ్లీ విషం చిమ్ముతాయి.