ఐదు రాజ్యాలా, ఆరా, మూడు డొమైన్లా? ఈ గుంపులు ఎవరు తేలుస్తారండీ?

జయనగర్_బైపీసీ:
మా అమ్మాయి ఇక్కడ బెంగళూరులో ఫస్ట్ పీయూ (మన ఇంటర్ ఫస్ట్ ఇయర్ లాంటిది) చదువుతోంది. బయాలజీ టెస్ట్ దగ్గర పడింది, పక్కన కూర్చుని చదివిస్తున్నా (నేనూ గుంటూరులో బైపీసీనే, తర్వాత బ్యాంకు ఉద్యోగంలో పడ్డా కాబట్టి సగం గుర్తుంది, సగం లేదు). పుస్తకంలో 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవులన్నిటినీ పంచి చెప్పిన ఐదు రాజ్యాలు ఉన్నాయి, మొనీరా (బాక్టీరియా లాంటివి), ప్రొటిస్టా (అమీబా లాంటివి), ఫంజై (శిలీంధ్రాలు), ప్లాంటే (మొక్కలు), అనిమేలియా (జంతువులు). బాగానే ఉంది. ఆ పాఠంలోనే మళ్లీ మూడు డొమైన్లు (రాజ్యాల కంటే పెద్ద గుంపులు), ఆరు రాజ్యాలు అని ఓ వాక్యం తగిలించారు. యూట్యూబ్‌లో ఒకాయనేమో పక్షులు కూడా సరీసృపాలే అంటున్నాడు. ఇదంతా విని మా అమ్మాయి "ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకుంటుంటే నేనెందుకు బట్టీ పట్టాలి?" అంటోంది. ఏం చెప్పాలి? అసలు ఏ ఆధారంతో గుంపులు కడతారు?

పీయూ_ట్యూషన్_సార్:
మేడమ్, టెస్టుకైతే ఐదు రాజ్యాలే. కణం ఏ రకం, ఒక్క కణమా చాలానా, ఆహారం ఎలా సంపాదిస్తుంది, ఈ మూడూ పట్టికగా రాయిస్తే చాలు. విట్టేకర్ కంటే ముందు శిలీంధ్రాల్ని మొక్కల్లోనే కలిపేసేవాళ్లు, అవి కిరణజన్య సంయోగక్రియ చేయవు, కణకవచంలో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది కాబట్టి ఆయన విడదీశాడు, ఇది తప్పకుండా అడుగుతారు. మిగతాది డిగ్రీలో చూసుకోవచ్చు.

చెట్లపిచ్చి:
మీ అమ్మాయి అన్నదే కరెక్ట్ అండీ, అంతా ఓటింగే 😀 నిజంగానే ఓటింగ్. మన నల్లతుమ్మ అకేసియా నైలోటికా కదా, ఇప్పుడు కాదు, వాషెలియా నైలోటికా. అకేసియా అనే పెద్ద జీనస్‌ని (దగ్గరి జాతుల గుంపుని) ముక్కలు చేయాల్సొచ్చినప్పుడు పాత పేరు ఎవరికి దక్కాలని గొడవ. రూలు ప్రకారం తుమ్మ ఉన్న ముక్కకే రావాలి. కానీ ఆస్ట్రేలియాలో దాదాపు వెయ్యి జాతులున్నాయి, అన్నిటి పేర్లూ మార్చడం ఎందుకని వాళ్లకే ఇవ్వాలన్నారు. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్రజ్ఞుల మహాసభలో అది వద్దన్నవాళ్లు సగానికి పైనే ఉన్నారు, అయినా 60 శాతం దాటలేదని వాళ్ల మాట చెల్లలేదు! 2011లో మెల్‌బోర్న్‌లోనూ అదే ఖాయం చేశారు. తుమ్మ, సండ్ర, శీకాయ అన్నీ పేరు పోగొట్టుకున్నాయి, ఆస్ట్రేలియా నుంచి తెచ్చి మనూళ్లలో రోడ్ల పక్కన నాటినవి మాత్రం దర్జాగా అకేసియాలే. నాకు ఇప్పటికీ మంటే.

గోబర్‌గ్యాస్_రీసెర్చ్:
చెట్లపిచ్చి గారూ, ఓటేసింది పేరు మీద. తుమ్మకి ఏది దగ్గరి బంధువు అన్నదాని మీద ఎవరూ ఓటెయ్యలేదు, అది డీఎన్ఏ చూసి తేల్చింది. ఈ రెండూ కలిపేస్తే పిల్లలకి అంతా తోచినట్టు పెట్టారనే అనిపిస్తుంది.

మేడమ్, 1753లో లిన్నేయస్ మొక్కల్ని పువ్వులో కేసరాలు ఎన్ని అని లెక్కపెట్టి గుంపులు చేశాడు. వెతుక్కోవడానికి సులువే, బంధుత్వం మాత్రం తెలియదు. ఇప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే, ఎవరి పూర్వీకుడు ఎవరితో ఉమ్మడి, ఎంత వెనక్కి వెళ్తే కలుస్తారు. పోలికలు చూసి మోసపోతాం. తామర, కలువ రెండూ చెరువులోనే, ఆకులు నీళ్లమీదే, పువ్వులూ ఇంచుమించు ఒకేలా, అందుకే ఒకప్పుడు ఒకే కుటుంబంలో పెట్టారు. తీరా డీఎన్ఏ చూస్తే తామరకి దగ్గరి చుట్టం కలువ కాదు, కూర్గ్ కాఫీ తోటల్లో నీడకోసం వేస్తారే, ఆ సిల్వర్ ఓక్! మన బెంగళూరు పాత వీధుల్లోనూ ఉంటుంది, చూపించండి, నమ్మదు.

మూడు డొమైన్లూ అలా వచ్చినవే. మన పొలాల్లో గోబర్ గ్యాస్ తొట్టి ఉంటుంది కదా, అందులో మీథేన్ తయారుచేసేవి మైక్రోస్కోప్‌లో చూస్తే మామూలు బాక్టీరియాలాగే ఉంటాయి. 1977లో వోస్, ఫాక్స్ అనే శాస్త్రవేత్తలు వాటి రైబోజోమ్ (కణంలో ప్రొటీన్లు తయారుచేసే భాగం) ఆర్ఎన్ఏ పోల్చి చూస్తే బాక్టీరియాకి చాలా దూరంగా పడ్డాయి. అవే ఆర్కియా. 1990లో వోస్ బృందం ఆర్కియా, బాక్టీరియా, మనమున్న యూకేరియా (కణంలో కేంద్రకం ఉన్నవి) అని మూడుగా విడదీసింది, వాళ్లు గీసిన బంధుత్వాల చెట్టులో ఆర్కియా బాక్టీరియా కంటే మన వైపే దగ్గర. మొనీరా రెండు ముక్కలైతే ఐదు కాస్తా ఆరు, అంతే లెక్క. ఒక కొమ్మని రాజ్యం అనాలా ఇంకేదైనా అనాలా అనడానికి కొలబద్ద లేదు, అది మనం పెట్టుకునే పేరు. కొమ్మ ఎక్కడ చీలింది అనేది మాత్రం మన చేతుల్లో లేదు.

జయనగర్_బైపీసీ:
సిల్వర్ ఓక్ సంగతి చెప్తే నవ్వింది, నమ్మలేదు 😄 మరి పక్షుల సంగతి?

గోబర్‌గ్యాస్_రీసెర్చ్:
అదే సూత్రం మేడమ్. మొసలికి బల్లి కంటే కోడి దగ్గరి బంధువు. ఒక పూర్వీకుడి సంతానం అంతా ఒకే గుంపులో ఉండాలి, కొందర్ని ఏరి బయటపెట్టకూడదు అన్నది ఇప్పటి నియమం, 1950లో హెన్నిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గట్టిగా పట్టుబట్టింది ఇదే. మొసలి, బల్లి సరీసృపాలైతే మధ్యలో కోడిని వదలడం కుదరదు. ప్రొటిస్టాకీ అదే ఇబ్బంది, ఎక్కడా ఇమడనివన్నీ పోగేసిన గుంపది, ఈ రంగంలో వాళ్లెవరూ దాన్ని ఒక వంశంగా చూడరు. శిలీంధ్రాలైతే మొక్కల కంటే మనకే దగ్గర.

చెట్లపిచ్చి:
సరే ఒప్పుకుంటా, బంధుత్వాల చెట్టు నిజం. తుమ్మకి మాత్రం అన్యాయం జరిగింది.

పీయూ_ట్యూషన్_సార్:
మేడమ్, ఇదంతా విని టెస్టులో కోడిని సరీసృపాల్లో రాసేస్తుందేమో, ఓసారి చెప్పండి. ఏవీస్ (పక్షుల తరగతి) అని రాస్తేనే మార్కు.