కౌస్లిప్‌లో ఆ సకారం ఎవరిది?

షేక్స్‌పియర్ 'టెంపెస్ట్' నాటకంలో ఏరియల్ అనే గాలి భూతం పాడే పాట ఒకటి పొద్దుట్నుంచీ వేధిస్తోంది. తేనెటీగ తాగే చోటే తానూ తాగుతానంటాడు, ఆ తర్వాత గంటలా ఉండే ఏదో పువ్వులో పడుకుంటానంటాడు. అది కౌస్లిప్పా, ఆక్స్‌లిప్పా? రెండూ ఇంగ్లండ్‌లో పూసే పసుపు పువ్వులే. ఏదైనా ఆవు పెదవో, ఎద్దు పెదవో అనేగా అర్థం?

— పడుకున్నది కౌస్లిప్‌లోనే. పెదవి మాత్రం కాదండీ, పదచ్ఛేదం తప్పింది. కౌస్ + లిప్ కాదు, కౌ + స్లిప్. పాత ఇంగ్లీషులో 'కూ-స్లిప్పె'. స్లిప్పె అంటే జిగటగా జారేది, అంటే పేడ.

— మరి ఆక్స్‌లిప్‌లో స్లిప్ ఎక్కడుంది మాస్టారూ?

— ఉంది. దాని పాత రూపం 'ఆక్సన్-స్లిప్పె'. ఆక్స్ చివర సకారం ముందే ఉంది కదా, స్లిప్ సకారం అందులో కలిసిపోయింది. చెవికి లిప్ ఒక్కటే మిగిలింది.

— పేడే అని తేల్చేస్తే ఎలాగండీ? జిగట పదార్థం అన్నంతవరకే రుజువు. సొంగ ఎందుకు కాకూడదు? మేసే ఆవు మూతి నుంచి తీగలా సాగేది సొంగే. అప్పుడు పెదవి అన్నవాళ్లూ మరీ దూరం పోలేదు.

— సొంగ పడ్డ చోటు ఎవరికి గుర్తుంటుందమ్మా? ఇది పశువులు మేసే బీళ్లలో, సున్నపు నేలల్లో పెరిగే మొక్క. పేడ పడ్డ చోట మొలిచిందని పల్లె జనం అనుకుని ఉంటారు.

— మీరంతా పేడ దగ్గరే ఆగారు, షేక్స్‌పియర్ పువ్వు లోపలికి చూశాడు. 'సింబలిన్' రెండో అంకంలో నాయిక ఇమోజెన్ రొమ్ము మీది ఐదు చుక్కల పుట్టుమచ్చని కౌస్లిప్ అడుగున ఉండే ఎర్రబొట్లతో పోల్చాడు. పువ్వు దగ్గరగా పట్టుకుంటే కనిపిస్తాయి, పసుపు రేకుల మొదట్లో నారింజ రంగు మచ్చలు. 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో అవే కెంపులయ్యాయి. పొడుగాటి కౌస్లిప్పులు ఫెయిరీ రాణి పరివారం, వాటి బంగారు కోట్ల మీద కెంపులు. ఎంత చూపు!

— ఆ నాటకంలోనే ఫెయిరీల రాజు ఓబరాన్ చెప్పే గట్టు మీద ఆక్స్‌లిప్పులున్నాయి. కానీ అసలు ఆక్స్‌లిప్ తూర్పు ఇంగ్లండ్ పాత అడవుల పువ్వు, షేక్స్‌పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ వైపుది కాదు. ఆయన చూసింది ప్రిమ్రోజ్ అనే దాని చుట్టపు పువ్వు, కౌస్లిప్ కలిసి పుట్టిన సంకరమేనని నా గట్టి నమ్మకం. 'వింటర్స్ టేల్'లో నాయిక పెర్డిటా ఆక్స్‌లిప్పుల్ని ధీరమైనవి అంటుంది. లావు కాడ మీద నిలబడే ఆ సంకరానికే ఆ మాట అతుకుతుంది.

— సంకరం గురించి విడిగా మాట్లాడుకుందాం. స్లిప్పె అన్న మాటని విడిగా పేడకే వాడిన పాత వాక్యం ఒక్కటి చూపించండి, నేను సొంగ వదిలేస్తాను.