కథానాయిక గొంతు వినపడని నవలలు ఇంకేమున్నాయి?

కొరియన్ రచయిత్రి హాన్ కాంగ్ నవల ‘ది వెజిటేరియన్’ ఇంగ్లీషులో నిన్న రాత్రే పూర్తి చేశాను. ఇంకా అందులోంచి బయటికి రాలేకపోతున్నాను. తెల్లవారుజామున ఫ్రిజ్ ముందు కూర్చుని, మాంసం పొట్లాలన్నీ తీసి చెత్త సంచిలో వేస్తుంటుంది కథానాయిక యోంగ్‌హే. ఏం చేస్తున్నావని మొగుడు అడిగితే ‘కల వచ్చింది’ అంటుంది, అంతే. మొదటి భాగం భర్త చెబుతాడు, రెండోది బావ వైపు నుంచి, మూడోది అక్క వైపు నుంచి నడుస్తాయి. ఆమె గొంతు మాత్రం ఆ కలల ముక్కల్లో తప్ప దాదాపు వినపడదు. అక్క భాగం దగ్గర నాకు ఏడుపు ఆగలేదు.

ఇలా ముఖ్యపాత్రను చుట్టూ ఉన్నవాళ్ల కళ్లతోనే చూపించే నవలలు ఈ ఇరవై ఏళ్లలో తెలుగులో ఏమైనా వచ్చాయా? తమిళం, కన్నడం నుంచి వచ్చిన అనువాదాలైనా సరే. చదివినవాళ్లు దయచేసి పేర్లు చెప్పండి. మిమ్మల్ని ఏ ఘట్టం పట్టేసిందో కూడా ఒక్క ముక్క రాయండి.