‘మండలాగ్రమున కల్లంతై’: కకారమా, నకారమా?

యలహంక నుండి:
సభ్యులందరికీ నమస్కారం. బెంగళూరులోని జక్కూరు విమానాల మైదానంలో ఒక మిత్రుని పాత సెస్నా 172 అనే చిన్న విమానం ఉంది. 1970ల నాటి ఆ విమానంలోని మీటర్లు తీసి కొత్త ఎలక్ట్రానిక్ తెరలు అమర్చే పనికి పదిహేను రోజులుగా సాయం వెళ్తున్నాను. నిన్న మధ్యాహ్నం, పనికి రాదని ఎప్పుడో పక్కన పెట్టిన ఒక ఆల్టిమీటరు (గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే మీటరు) చట్రాన్ని గాజుమూత కింద ఉంచి, చేతిపంపుతో గాలి కొద్దికొద్దిగా లాగి చూశాను. గాలి పలచబడే కొద్దీ లోపలి రేకుగుల్ల ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కంటికి ఆనేది కాదు. పళ్ళచక్రాలు దాన్ని పెంచి ముల్లుకు అందిస్తే పొడుగు ముల్లు వందలు దాటి, పొట్టి ముల్లు వేలలోకి జరుగుతుంది. అది చూస్తుండగా నా నోట పోతన పద్యం దానంతట అదే వచ్చింది: ‘ఇంతింతై వటుఁడింతయై’. మొదటి పాదం సాఫీగా సాగింది కాని, రెండో పాదంలో ‘తోయదమండలాగ్రమున’ దాకా వచ్చి ఆగిపోయాను. తరువాతిది ‘కల్లంతై’యా, ‘నల్లంతై’యా? రాత్రంతా అదే మనసులో తిరుగుతోంది. దయచేసి చెప్పగలరు.

మల్లేశ్వరం నుండి:
‘కల్లంతై’ అనే నేను చదువుకున్నాను, పాఠం చెప్పినప్పుడూ అదే చెప్పాను. మేఘమండలపు కొసకు అల్లంతై, అంటే ఆ కొసను దాటి మరికొంత దూరాన ఉన్నవాడై అని అర్థం. అదే పద్యం మూడో పాదంలో ‘చంద్రుని కంతయై’ అన్నాడు కదా. అక్కడ ఉన్న విభక్తే ఇక్కడా ఉన్నది. ఒకే పద్యంలో కవి తానే సాక్ష్యం పెట్టి వెళ్ళినప్పుడు మనం వేరే చోట వెతకనక్కరలేదు.

జయనగర నుండి:
మాస్టారి మాట తోసిపుచ్చలేను గాని, మా నాయనమ్మ నోట విన్నది మాత్రం ‘నల్లంతై’. సాక్ష్యం కావాలంటే మిగిలిన పాదాలు చూడండి. నభోవీథిపైన్, ప్రభారాశిపైన్, ధ్రువునిపైన్, మహర్వాటిపైన్ అని నాలుగు చోట్ల ఆధారస్థానమే చెప్పాడు, ఒక్క చంద్రుని దగ్గరే మార్చాడు. నాలుగింటిని వదిలి ఒకదాన్ని పట్టుకోవడం ఎందుకు? అగ్రమునన్ అంటే ఆ కొసలో నిలిచి అల్లంతగా కనబడినవాడని, బలి యజ్ఞవాటికలో నిలబడి తలెత్తి చూసేవారికి కనబడే తీరు అది. ‘అల్లంత’ అనే మాటలోనే చూసేవాడు ఒకడున్నాడు.

రాజాజీనగర నుండి:
ఛందస్సుతో తేల్చుకుందామని కూర్చున్నాను. ఈ పద్యం శార్దూలవృత్తం. అందులో పన్నెండో అక్షరం ‘కల్’ అయినా ‘నల్’ అయినా గురువే. యతి పదమూడో అక్షరం మీద పడుతుంది, అక్కడ ‘అంతై’లోని అకారం ఉన్నది, పాదం మొదటి ‘నంతై’తో కలుస్తుంది. ప్రాసతో దీనికి సంబంధం లేదు. కాబట్టి ఛందస్సు ఏ పక్షానా మాట్లాడదు. ఇక వ్యాకరణం. ‘కున్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్నది కదా, అచ్చు పరమైతే ‘అగ్రమునకు నల్లంతై’ కావాలి గాని ‘మున కల్లంతై’ ఎలా అయిందని ఒక సందేహం రావచ్చు. నాకున్ ఒసఁగె అన్నచోట ‘నాకు నొసఁగె’ అనీ ‘నాకొసఁగె’ అనీ రెండు రూపాలూ సాధువులే గనుక కకారపాఠానికి దోషం లేదు. నకారపాఠానికి అసలే లేదు. నిర్దోషమైన రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి రావడమే ఇక్కడి కష్టం.

యలహంక నుండి:
అందరికీ కృతజ్ఞతలు. వ్యాకరణం తెలిసినవారి మధ్య మెకానిక్ మాట చెల్లుతుందో లేదో గాని, నాకు ఇది పాఠభేదం కంటే లోతైన ప్రశ్నగా తోస్తోంది. ఆల్టిమీటరు ‘ఎంత ఎత్తు’ అని చెబుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది ‘దేనికి ఎంత ఎత్తు’ అన్నది మాత్రమే చెప్పగలదు. డయల్ మీద చిన్న కిటికీ ఉంటుంది, పక్కన మర ఉంటుంది. ఆ మర తిప్పి కిటికీలో ఏ పీడనం పెడితే ఆ పీడనం ఉన్న మట్టం నుండి లెక్క మొదలవుతుంది. సముద్రమట్టపు పీడనం పెడితే జక్కూరు నేల మీద కదలకుండా నిలబడిన విమానంలోనే ముల్లు సుమారు 3,000 అడుగులు చూపిస్తుంది. రన్‌వే మీద సున్నా చూపించాలంటే ఇక్కడి పీడనం, అంటే ఇంచుమించు 27 అంగుళాల పాదరసం, కిటికీలో పెట్టాలి. మా మీటరు కిటికీలో అంకెలు 28 నుండి 31 దాకానే ఉన్నాయి. బెంగళూరు నేలను సున్నా చేయడం ఆ మీటరుకు సాధ్యం కాదు. అందువల్ల నాకు ‘కు’ అన్న అక్షరం మీదే మనసు పోతోంది. మేఘాల కొసకు, చంద్రునికి అంటూ ప్రతి మెట్టు దగ్గరా సున్నాను కొత్తగా పెట్టి ఎత్తు కొలిచిన కవి ఆయన.

ఇందిరానగర నుండి:
ఈ మాట నాకు ఎంతో నచ్చింది. ఆ మెట్ల వరుసనే ఇంకొంచెం చూడండి. ప్రభారాశి అంటే సూర్యమండలమని చెప్పుకుంటే, సూర్యుని తరువాత చంద్రుడు, ఆ పైన ధ్రువుడు, మహర్లోకం, చివరికి సత్యలోకం. సూర్యునికి పైన చంద్రుడేమిటని ఈ కాలపు పిల్లలు అడుగుతారు. పురాణాల లెక్కలో చంద్రమండలం సూర్యునికి పైనే ఉన్నది. పంచమస్కంధంలో పోతన ఆ వరుసంతా వివరించాడు, దాన్నే ఇక్కడ ఒక్క పద్యంలో ఎక్కించాడు.

మల్లేశ్వరం నుండి:
వరుస సరే, చిన్న సవరణ. తెలుగు భాగవతంలో పంచమస్కంధం పోతనది కాదు, బొప్పరాజు గంగన పూరించినది. వామనుని కథ ఉన్న అష్టమస్కంధం పోతన చేతిదే. ‘ప్రభారాశి’ అన్న మాటకు సూర్యుడని ముడి వేయకుండా వెలుగుల కుప్ప అని వదిలితే ఇంకా అందంగా ఉంటుందని నా అభిప్రాయం. మబ్బులు దాటినవారికి మొదట ఎదురయ్యేది ఆ వెలుగే కదా.

బసవనగుడి నుండి:
కకార నకారాల సంగతి పెద్దలు చూసుకుంటారు. నాకు ‘ఇంతింతై’ గురించే చెప్పాలని ఉంది. నేను జక్కూరులో నేర్చుకున్నది ముళ్ళ మీటర్లతోనే. మూడు ముళ్ళ ఆల్టిమీటరులో ప్రమాదం లేకపోలేదు. పదివేల ముల్లును గమనించక ఎత్తును పదివేల అడుగులు తప్పుగా చదివినవారున్నారు, ఆ పొరపాటు ప్రాణాలు తీసింది కూడా. కొత్త తెరలో ఎత్తు కుడివైపు నిలువుపట్టీ మీద అంకెలుగా దొర్లుతుంది, ఆ తప్పుకు చోటు లేదు. బెంగళూరులోనే పుట్టిన హంస శిక్షణ విమానం 1993లో ముళ్ళతో ఎగిరింది. దాని కొత్త రూపం 2021లో తెరలతో ఎగిరింది. ఈ మార్పు రావలసిందే. అయినా అంకె ‘ఇంత’ అని మాత్రమే చెబుతుంది. ముల్లు కదలిక ‘ఇంతింత’ అని చెబుతుంది. ఎంత వేగంగా పెరుగుతున్నామో, ఎటు పోతున్నామో చదవకుండానే కంటి కొసకు తెలిసేది. కన్నడంలోనూ తమిళంలోనూ గడియారపు చేతిని ముల్లు అనే అంటారు. మన మూడు భాషలవారూ కాలాన్నీ ఎత్తునూ కొలవడానికి చెట్టు నుండి అదే మాట తెచ్చుకున్నారు. తెరమీద అంకెకు ఏమని పేరు పెడతాం?

జయనగర నుండి:
పేరు తరువాత పెడదాం. మీరు చెప్పిన ఆ కంటి కొస చూపే నా నకారానికి బలం. నేల మీది నుండి చూసేవాడికి ‘దేనికి’ అన్న లెక్క ఉండదు, ‘ఎక్కడ’ అన్న చూపే ఉంటుంది. పద్యం చూపుది, కొలతది కాదు.

రాజాజీనగర నుండి:
అలాగైతే ‘చంద్రుని కంతయై’ని ఏం చేద్దాం?

యలహంక నుండి:
ఆ ప్రశ్నను నేనూ మోస్తూ తిరుగుతున్నాను. ఈ ఉదయం గొట్టాల పరీక్ష చేశాం. బయటి గాలి పీడనాన్ని మీటర్లకు అందించే స్టాటిక్ గొట్టంలో గాలి లాగి ముల్లును 1,000 అడుగులు పైకి తెచ్చి, పంపు బిగించి ఒక నిమిషం ఆగాలి. ఆ నిమిషంలో 100 అడుగులకు మించి దిగితే ఎక్కడో లీకు ఉన్నట్టు. తెరలు కొత్తవైనా అవి పీల్చేది ఆ పాత గొట్టాల గాలినే గనుక ఈ పరీక్ష తప్పదు. మొదటిసారి 140 అడుగులు దిగింది. రబ్బరు జాయింటు ఒకటి మార్చాక 20 దగ్గర నిలిచింది. మిత్రుడు పాత ఆల్టిమీటరును పూర్తిగా తీసేయకుండా తెర పక్కన అదనపు మీటరుగా ఉంచుతానన్నాడు. జయనగరవారి దగ్గర నాయనమ్మగారి కాలపు అచ్చుప్రతి ఉంటే అష్టమస్కంధంలోని ఆ పుట ఫోటో తీసి పెట్టగలరా?

జయనగర నుండి:
ప్రతి ఉంది. ఆ ఆకు అంచు చెదలు తిన్నది. ‘మున’ దాకా స్పష్టంగా ఉంది, తరువాతి అక్షరం సగమే మిగిలింది. రేపు పగటి వెలుతురులో మళ్ళీ చూసి ఫోటో పెడతాను.