2011లో బ్రిటన్ ప్రధాని కామెరాన్ ఈయూ (యూరోపియన్ యూనియన్) ఒప్పందం మార్పును కాదనడం సరైనదేనా? నేనింకా తేల్చుకోలేకపోతున్నా

ఈస్ట్‌హాం బాటసారి

బ్రెగ్జిట్, అంటే ఈయూ నుంచి బ్రిటన్ బయటికి రావడం, ఎక్కడ మొదలైందని మొన్న మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం అడిగాడు. దాని మీద రెఫరెండం (ప్రజల ఓటింగ్) జరిగిన 2016 అనబోయి ఆగిపోయాను. నా వరకు అది 2011 డిసెంబరు 9, శుక్రవారం తెల్లవారుజామున మొదలైంది.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అప్పటికి గ్రీసు అప్పుల్లో మునిగింది. ఇటలీ కొత్త అప్పు తేవాలంటే ఏడు శాతం పైన వడ్డీ అడుగుతున్నారు. యూరో నిలబడాలంటే దేశాల బడ్జెట్లకు పగ్గాలు వేయాలని, దానికి ఈయూ మూల ఒప్పందాన్నే మార్చాలని జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్, ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ పట్టుబట్టారు. అలా మార్చాలంటే 27 దేశాలూ ఒప్పుకోవాలి. బ్రస్సెల్స్‌లో ఈయూ నేతల సమావేశంలో రాత్రంతా మంతనాలు జరిగాయి. లండన్ ఫైనాన్స్ రంగానికి తానడిగిన రక్షణలు దొరకకపోయేసరికి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ ఒప్పుకోనన్నారు.

నేనప్పుడు లండన్‌లో ఒక బ్యాంకులో కాంట్రాక్టు మీద టెస్టింగ్ చేసేవాణ్ణి. ఆ ఉదయం ఆఫీసుకి వెళ్ళేసరికి మా మేనేజరు "ఇన్నాళ్ళకి ఒకడు గట్టిగా కాదన్నాడు" అని సంబరపడిపోతున్నాడు. నా పక్క సీటు ఫ్రెంచాయన కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, ఆన్ చేయని స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ఇద్దరి దగ్గరా తలూపాను. ఇన్నేళ్ళయినా నాది అదే పరిస్థితి. మీరేమంటారు?

కృష్ణలంక కుర్రాడు

అన్నా, ఇందులో డౌటేముంది? బ్రిటన్‌కి యూరోనే లేదు. లేని కరెన్సీని కాపాడటానికి ఒప్పందం ఎందుకు మార్చుకోవాలి? 1984లో అప్పటి ప్రధాని థాచర్ పోట్లాడి యూరప్ కూటమికి కట్టే చందాలో కొంత వెనక్కి తెచ్చుకుంది. 1991లో మాస్ట్రిక్ట్ ఒప్పందం దగ్గర తర్వాతి ప్రధాని జాన్ మేజర్ యూరో మాకొద్దని మినహాయింపు రాయించుకున్నాడు. బ్రిటన్ ఎప్పుడూ అలాగే బతికింది.

ఇంకోటి. ఆ అక్టోబరులోనే ఈయూ మీద రెఫరెండం పెట్టాలని కామెరాన్ సొంత పార్టీ ఎంపీలు 81 మంది విప్ ధిక్కరించి ఓటేశారు. ఉత్త చేతులతో సంతకం పెట్టి వస్తే పార్లమెంటులో ఏ మొహంతో నిలబడతాడు?

లెక్కల మాస్టారు

కుర్రాడూ, థాచర్, మేజర్ ఇద్దరూ ఏదో ఒకటి చేతిలో పట్టుకుని ఇంటికొచ్చారు. కామెరాన్ ఏం తెచ్చాడు?

దాన్ని వీటో అనడమే నాకు మింగుడు పడదు. వీటో అంటే ఆపడం. ఇక్కడ ఆగిందేమిటి? మిగతావాళ్ళు ఈయూ ఒప్పందం బయట తమలో తాము వేరే ఒప్పందం రాసుకున్నారు. 2012 మార్చి 2న 25 దేశాలు సంతకం చేశాయి. బ్రిటన్‌తో పాటు చెక్ రిపబ్లిక్ మాత్రమే బయట ఉంది. 2013 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. నిర్మాణాత్మక లోటు (మాంద్యం లాంటి తాత్కాలిక కారణాలు తీసేశాక మిగిలే బడ్జెట్ లోటు) జీడీపీలో 0.5 శాతం దాటకూడదన్న గట్టి షరతు తప్పనిసరిగా వర్తించేది యూరో దేశాలకే, అంటే సంతకం పెట్టినా బ్రిటన్‌కి అది తగిలేది కాదు.

ఇక బ్యాంకుల రక్షణ సంగతి. 2013లో ఈయూ వాళ్ళు బ్యాంకర్ల బోనసులకు జీతంతో ముడిపెట్టి పరిమితి విధించారు. బ్రిటన్ వద్దంటున్నా మెజారిటీతో నెగ్గించారు. ఈయూ బ్యాంకుల నిబంధనలు చూసే యూరప్ బ్యాంకింగ్ అథారిటీని లండన్‌లోనే ఉంచాలన్నది కూడా ఆ రాత్రి కామెరాన్ కోరిన వాటిలో ఒకటి. బ్రెగ్జిట్ పుణ్యమా అని అది 2019లో ప్యారిస్‌కి వెళ్ళిపోయింది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ రాత్రి మెర్కెల్‌కీ, సర్కోజీకీ కామెరాన్ అలాగే కనిపించి ఉంటాడు.

కృష్ణలంక కుర్రాడు

మాస్టారూ, ఆ నిప్పు పెట్టింది బ్రిటన్ కాదుగా! ఒకే కరెన్సీ పెట్టుకుని పదిహేడు ఖజానాలు నడిపినవాళ్ళది ఆ తప్పు. ఆర్పడానికి వాళ్ళు పట్టుకొచ్చిన మందేమిటో కూడా చూడండి. పొదుపు, ఇంకా పొదుపు. గ్రీసులో పింఛన్లు కోసి పారేశారు. అలాంటి కాగితం మీద పేరు లేకపోవడం పరువు తక్కువేమీ కాదు.

ఈస్ట్‌హాం బాటసారి

నేను ఊగిసలాడేది సరిగ్గా ఇక్కడే. తమ్ముడు చెప్పిన కారణం వింటే కాదనడం న్యాయమే అనిపిస్తుంది. మాస్టారు లెక్క చూస్తే దాని వల్ల వచ్చింది సున్నా. న్యాయమైన పని చేసి ఏమీ సాధించనివాణ్ణి తప్పుపట్టాలా, మెచ్చుకోవాలా?

ఇంట్లోనే మాట కుదరలేదన్నది కూడా మర్చిపోకూడదు. ఉప ప్రధాని, సంకీర్ణంలో భాగస్వామి పార్టీ నాయకుడు నిక్ క్లెగ్ మొదట సర్దుకుపోయినట్టే మాట్లాడి, రెండు రోజుల్లో తీవ్రంగా నిరాశపడ్డానన్నారు. సోమవారం కామెరాన్ పార్లమెంటులో వివరణ ఇస్తుంటే ఆయన పక్కన క్లెగ్ సీటు ఖాళీ. టీవీలో ఆ ఖాళీ చూస్తుంటే నాకే టెన్షన్ పట్టుకుంది.

వరంగల్ ఆడపడుచు

అన్నా, ఒక పోలిక చెప్తాను. 2014 జూలైలో జెనీవాలో డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) వాణిజ్య సదుపాయాల ఒప్పందాన్ని, అంటే కస్టమ్స్ పనులు సులువు చేసే ఒప్పందాన్ని, ఇండియా అడ్డుకుంది. మా ప్రభుత్వం కొని దాచే ఆహార నిల్వల సంగతి తేల్చండి, అప్పుడు ఒప్పుకుంటామన్నది. ప్రపంచమంతా మనని తిట్టింది. కానీ అక్కడ అందరూ ఒప్పుకుంటేనే బండి కదులుతుంది, వేరే దారి లేదు. నవంబరుకల్లా అమెరికా దిగివచ్చి మాట్లాడింది, నిల్వల విషయంలో మనకు కావలసిన హామీ దొరికింది.

నువ్వు లేకుండా ముందుకు పోలేనివాళ్ళ దగ్గర కాదంటేనే ఆ మాటకు విలువ. బ్రస్సెల్స్‌లో మిగతావాళ్ళకు పక్కదారి ఉందని కామెరాన్‌కు తెలియదా? నాకైతే కాదనడం తప్పనిపించదు. పక్కదారి ఉందని తెలిసీ బెదిరింపుకే వెళ్ళడం తప్పనిపిస్తుంది.

ఈస్ట్‌హాం బాటసారి

చెల్లెమ్మా, నా మనసులో ఉన్నది నువ్వు విడమరిచావు. దానికి ఇంకొకటి కలుపుతాను. బ్రస్సెల్స్ సమావేశానికి ముందు మెర్కెల్, సర్కోజీ, మరికొందరు సంప్రదాయవాద నేతలు ఫ్రాన్స్‌లోని మార్సేలో తమ యూరప్ పార్టీల కూటమి సభలో కలిశారు. కామెరాన్ పార్టీ 2009లోనే ఆ కూటమి నుంచి బయటికొచ్చేసింది. అసలు పంచాయితీకి ముందు పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే చోట ఈయన లేడు. కాబట్టి పొరపాటు ఆ రాత్రిది కాదు, రెండేళ్ళ ముందుదని ఇప్పుడనిపిస్తోంది. ఆ రాత్రి కాదనడం మాత్రం తప్పో ఒప్పో నాకింకా తేలలేదు.

2016 రెఫరెండంలో కామన్వెల్త్ పౌరుణ్ణి కాబట్టి ఇండియా పాస్‌పోర్టుతోనే నాకు ఓటొచ్చింది. ఆ ఫ్రెంచాయన నాకంటే ఆరేళ్ళు ముందు లండన్ వచ్చినవాడు, ఆయనకి లేదు. ఆ రోజు సాయంత్రం ఫోన్ చేసి "వేశావా?" అన్నాడు. వేశాను, ఈయూలో ఉండాలనే వేశానన్నాను. థాంక్స్ చెప్పి, పిల్లల చదువుల గురించి అడిగాడు.